“కమ్మగాను … గె నప్ప”: ఆ ఒక్క అక్షరం ఏది?

సత్యనారాయణపురం, విజయవాడ:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక పాదం నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా నాయనమ్మ కుంపటి మీద దిబ్బరొట్టె పెట్టి, మూత మీద కూడా నాలుగు నిప్పులు పేర్చి, పిల్లలం తొందరపడి మూత తీయకుండా చుట్టూ కూర్చోబెట్టి ఒక పొడుపుకథ పాడేది. నాకు గుర్తున్నంత వరకు అది ఇది:

కింద నిప్పు మీద నిప్పు
నడుమ నున్న నాదు అప్ప
కాలకుండ మాడకుండ
కమ్మగాను …గె నప్ప

నాలుగో పాదంలో చివరి “గె” నా చెవిలో ఇప్పటికీ స్పష్టంగా ఉంది. దాని ముందున్న అక్షరమే పోయింది. “కాగె” అని మా అమ్మ అంటుంది, “వేగె” అని మా చిన్నాన్న అంటాడు, నాకేమో “మగ్గె” అని తోస్తోంది. నాయనమ్మ వంటల నోటు పుస్తకం తీసి చూశాను. అందులో “సోల మినప్పప్పు, తవ్వ బియ్యపు నూక, ఉప్పు, జీలకర్ర, గిద్దెడు నూనె, సన్న సెగ” అని ఒక్క వరుస ఉంది కాని పాట లేదు. ఈ పాట మీ ఇళ్లలో ఎవరైనా పాడగా విన్నారా?

బ్రాడీపేట, గుంటూరు:

అమ్మా, ఈ పాట నేను వినలేదు కాని, జవాబు పాటలోనే ఉందని నా నమ్మకం. ప్రతి పాదంలోనూ మూడేసి మాత్రల ముక్కలు నాలుగు ఉన్నాయి. కాగె, వేగె, మగ్గె, మూడూ మూడు మాత్రలే కనుక నడక ఏదీ తేల్చదు. తేల్చవలసింది యతి. రెండో పాదంలో “నడుమ” అన్న నకారానికి సరిగ్గా సగంలో “నాదు” వచ్చి మైత్రి కుదిరింది. అదే తీరున “కమ్మగాను” అన్న కకారానికి సగంలో రావలసింది కకారమే కదా! కాబట్టి “కాగె” అన్న మీ అమ్మగారి మాటే సరైనది. ఇంకొకటి గమనించండి. “నాదు” అన్నది వంటింట్లో పుట్టిన మాట కాదు, పద్యాలు చదువుకున్న నోటి మాట. దాన్ని కూర్చినవారెవరో యతి తెలిసినవారే.

తెనాలి:

బ్రాడీపేట వారి యతి విచారణ బాగుంది కాని, అది ఆ పాటకు పట్టదు. మొదటి పాదంలో “కింద” కు “మీద”తోనూ, మూడో పాదంలో “కాలకుండ” కు “మాడకుండ”తోనూ ఏ మైత్రీ లేదు. నాలుగు పాదాల్లో ఒక్కచోట కుదిరినదాన్ని నియమంగా పట్టుకుని తక్కిన పాదానికి పాఠం నిర్ణయించడం సాహసం. అర్థం చూద్దాం. తెలుగులో కాగేవి నీళ్లు, పాలు, నూనె. పిండి కాగదు. మూత పెట్టిన గిన్నెలో, తన తడిలో తాను, తన ఆవిరిలో తాను మెత్తబడేదాన్ని మగ్గడం అంటాం. వంకాయ ముక్కలు మగ్గుతాయి, గడ్డిలో పెట్టిన మామిడికాయలు మగ్గుతాయి. అంగుళంన్నర మందాన పోసిన రొట్టె లోపలిదాకా అయ్యేది మగ్గడం వల్లనే. ప్రశ్న అడిగినవారి జ్ఞాపకమే సరైనదని నా అభిప్రాయం.

బ్రాడీపేట, గుంటూరు:

కాగేది ద్రవం మాత్రమే అని తెనాలి వారు అంత గట్టిగా ఎలా అనగలిగారు? చలికాలం తెల్లవారుజామున మంట వేసుకుని “చలి కాగుతున్నాం” అనరా? అక్కడ కాగుతున్నది మనిషి. జ్వరం వచ్చిన పిల్లవాడిని ముట్టుకుని “ఒళ్లు కాగిపోతోంది” అనరా? మంట అంటకుండా, దాని సెగ మాత్రమే సోకి వేడెక్కడం కాగడం. మంట అంటితే అది కాలడం. మూడో పాదంలో “కాలకుండ” అని చెప్పి, వెంటనే నాలుగో పాదంలో “కాగె” అనడంలో ఎంత సొగసు ఉందో చూడండి. కాలు, కాగు, ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాయే ఆ పొడుపుకథకు ప్రాణం. మా ఇంట్లో దాలి ఉండేది. పిడకల నిప్పు మీద బూడిద కప్పి పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా, మీగడ కట్టి, కమ్మటి వాసనతో ఉండేవి. పొద్దున పెట్టిన పాలు ఒక్కసారి కూడా పొంగకుండా కాగేవి. ఆ కమ్మదనాన్ని ఎరిగినవారు “కమ్మగాను కాగె” అనే అంటారు.

మాచర్ల:

మీరిద్దరూ నూనెను మరిచిపోయారు. నోటు పుస్తకంలో గిద్దెడు నూనె ఉంది. సోలలో నాలుగో వంతు నూనె మందపాటి గిన్నెలో పోసి పిండి దింపితే అంచులు ఎలా అవుతాయి? చిన్నాన్నగారు చెప్పినట్లు వేగుతాయి. దిబ్బరొట్టెలో పిల్లలు మొదట విరుచుకుని పోట్లాడుకునేది ఆ ఎర్రటి అంచు కోసమే. పాట పాడింది పిల్లల కోసం కనుక పిల్లలకు ఇష్టమైన భాగాన్నే చెప్పి ఉంటుంది.

మరొక మాట. మా పల్నాడులో రొట్టె అంటే జొన్నరొట్టె. దానికి మూతా లేదు, నూనే లేదు. పెనం మీద ఒక పక్క, తర్వాత నిప్పు మీద రెండో పక్క వేస్తాం. అది కాలుతుంది, అందులో సందేహం లేదు. “కుసుమాస్త్రుండైన జొన్నకూడే కుడుచున్” అని శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువు మా సీమను ఎగతాళి చేసింది కాని, ఆ మహానుభావుడు నిప్పు మీద పొంగిన జొన్నరొట్టెను వెన్నతో తిని ఉంటే ఆ పద్యం వేరుగా ఉండేదని మా తాతగారు అనేవారు.

తెనాలి:

మాచర్ల వారు శ్రీనాథుణ్ణి తెచ్చారు కనుక ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ చాటువులో ఉన్నది జొన్నరొట్టె కాదు, “జొన్నకూడు”. కూడు అంటే వండిన గింజ. “కుడుచున్” అన్న క్రియ కూడా దానికే చెందుతుంది. రొట్టెను ఎవరూ కుడవరు, తింటారు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉన్నవాడికి మాట ఎంపికలో పొరపాటు రాదు. చివరి రోజుల్లో బొడ్డుపల్లెలో వ్యవసాయం చేసి నష్టపోయినప్పుడు ఆయన చెప్పినదిగా వాడుకలో ఉన్న సీసపద్యపు ఎత్తుగీతి చూడండి. “కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము, బిలబిలాక్షులు దినిపోయె దిలలు బెసలు” అన్నప్పుడు ఏటి పాలైనది వేరుగా, పిట్టల పాలైన నువ్వులూ పెసలూ వేరుగా పేరుపేరునా చెప్పాడు. కట్టవలసిన టంకాలు ఏడు వందలు అని అంకెతో సహా చెప్పాడు. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు కంటనీరు ఆగదు. గింజల పేర్లు అంత జాగ్రత్తగా చెప్పిన నోరు కూడు అన్నదంటే అది కూడే. కాబట్టి పల్నాటి రొట్టెకు ఆయన వల్ల ఏ అవమానమూ జరగలేదు.

ఇక “వేగె” గురించి. అంచు వేగుతుంది, నిజమే. కాని పాటలో మీద నిప్పు, కింద నిప్పు, నడుమ అప్ప అన్నారు. చెప్పినది నడుమ సంగతి. నడుమ నూనె చేరదు.

అరండల్‌పేట, గుంటూరు:

ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను కాని, మీద నిప్పు అనేసరికి ఆగలేకపోయాను. మా అమ్మమ్మ క్రిస్మస్ కేకు చేసేది ఇలాగే. ఓవెన్లు లేని రోజుల్లో పెద్ద గిన్నెలో రెండంగుళాల మందాన ఏటి ఇసుక పోసి, బాగా వేడెక్కిన తర్వాత దాని మీద కేకు గిన్నె దించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించి, పళ్లెం నిండా బొగ్గులు పేర్చేది. బజారు కేకుకు లేని పొగవాసన దానికి ఉండేది. ఇరుగుపొరుగు ఇళ్లకు పంపే పళ్లెంలో ఆ కేకు ముక్కల పక్కనే అరిసెలూ జంతికలూ ఉండేవి.

ఆమె ఆ పనికి ఏ మాట వాడేదో బాగా గుర్తుంది. “కాలిందా” అని ఎన్నడూ అడగలేదు. “పొంగిందా” అని అడిగేది. మాకు ఆ మాట దేవుని గ్రంథం నుంచి కూడా పరిచయమే. తెలుగు బైబిలులో ఒకచోట “పొంగని రొట్టెలు” అనీ, మరొకచోట “పులియని రొట్టెలు” అనీ ఉంది. పులవడం పిండిలో జరిగే పని, పొంగడం కంటికి కనిపించే ఫలితం. నా సందేహం ఏమిటంటే, “గె”తో ముగిసే క్రియలు మూడే అని మీరంతా ఎందుకు అనుకుంటున్నారు? “పొంగె” కూడా మూడు మాత్రలే కదా.

పటమట, విజయవాడ:

“పొంగె” దిబ్బరొట్టెకు ఒప్పదు. దిబ్బరొట్టె పిండిని మా ఇంట్లో పులియనిచ్చేవారే కాదు. పప్పు రుబ్బి, కడిగి పిండిన నూక కలిపిన గంటలోపే పోసేవారు. పులిస్తే కమ్మదనం పోతుందని మా బామ్మ నమ్మకం. అందువల్ల “కమ్మగాను పొంగె” అన్నది మా ఇంటి లెక్కలో పొసగని మాట.

నాకు ఈ పాట వినగానే తోచినది పుటం. కిందా మీదా నిప్పు పెట్టి నడుమ మూసిన పాత్రను ఉంచడం వైద్యుల పద్ధతి. రెండు మూకుళ్లను ఒకదాని మీద ఒకటి బోర్లించి, మట్టిగుడ్డతో సందు మూసి, పిడకల మధ్య పెడతారు. భవభూతి ఉత్తరరామచరితం మూడవ అంకంలో రాముడి శోకాన్ని “పుటపాకప్రతీకాశః” అన్నాడు. పైకి పగలదు, లోపల గాఢంగా ఉడుకుతూనే ఉంటుంది. ఆ ఒక్క సమాసం కోసం ఆ నాటకాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మన వంటింట్లోని మూకుడూ ఆ వైద్యుడి మూకుడూ ఒకే మాట అన్నది మరచిపోవద్దు. లోలోపల జరిగే ఆ పనికి తెలుగులో మగ్గడం కన్న దగ్గరి మాట లేదు. చెరసాలలో మగ్గాడు, బాధతో మగ్గాడు అంటాం. ఎవరూ చెరసాలలో కాగరు.

బ్రాడీపేట, గుంటూరు:

పుటం పెట్టిన బంగారం మగ్గుతుందా? కాలుతుంది. పటమట వారి ఉపమానం గొప్పదే, కాని అది వారి పక్షానికి సాయం చేయదు. పైగా మగ్గడంలో ఎప్పుడూ కొంత నీరసం, కొంత వాడిపోవడం ఉన్నాయి. రొట్టె వాడదు. పైన గట్టిబడి, విరిస్తే పెళుసుగా విరగాలి. నాయనమ్మగారు పిల్లల ముందు తన రొట్టెను పొగుడుకుంటూ “మగ్గె” అంటారని నేను ఒప్పుకోలేను.

మాచర్ల:

“అప్ప” సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పచ్చిలోని అప్ప, అక్క అనే అర్థంలోని అప్ప, రెండూ ఒకటిగా వినిపించడమే ఆ పొడుపుకథలోని కిటుకు. నిప్పుల నడుమ కూర్చున్న అక్క ఎవరు అని పిల్లలను తికమక పెట్టాలి. అక్క కాగుతుంది, అక్క వేగుతుంది అని రెండూ అనవచ్చు. “ఈ అత్తింట్లో ఎలా వేగుతున్నావే అప్పా” అని అడగరా? వేగడంలో నూనెతో పనిలేని ఓర్పు కూడా ఉంది. నా మొదటి వాదం కన్న ఇది బలమైనదని ఇప్పుడు తోస్తోంది.

సత్యనారాయణపురం, విజయవాడ:

మీ అందరి శ్రద్ధకు కృతజ్ఞతలు. ఆదివారం నాడు అటక మీద ఉన్న నాయనమ్మ ఇత్తడి గిన్నె దింపి, బొగ్గులు తెప్పించి, నోటు పుస్తకంలోని కొలతలతోనే రొట్టె పెట్టాను. సోలకు రెట్టింపు తవ్వ కనుక ఒక పాలు పప్పుకు రెండు పాళ్లు నూక వేశాను. మూత తీయకుండా అరగంట కూర్చుని చెవి పెట్టి విన్నాను. మొదట అంచుల దగ్గర సన్నగా చిటపటలాడింది. అది వేగడమే. తర్వాత ఆ చప్పుడు ఆగి, మూత సందున ఆవిరి వాసన వచ్చింది. అది మగ్గడమే. చివరికి మూత మీది నిప్పుల వేడికి పైభాగం గోధుమరంగు తిరిగింది. ఏ మంటా అంటని ఆ పైభాగాన్ని కాగడం అనక ఏమనాలి? కోసి చూస్తే లోపల తేనెపట్టులాగా గుల్లగా ఉంది. నేను పిండిని ఒక్క గంట కూడా నాననివ్వలేదు. అయినా పొంగింది.

అప్పుడు ఒంగోలులో ఉన్న మా మేనత్తకు ఫోను చేశాను. ఆమెకు ఎనభై ఆరేళ్లు. తన అమ్మ, అంటే మా నాయనమ్మ, పక్కన కూర్చుని ఆ పాట విన్న మనిషి. అడగ్గానే తడుముకోకుండా పాట మొత్తం చెప్పింది. “కమ్మగాను పొంగె నప్ప” అంది. అరండల్‌పేట వారి మాటే అనుకుని, నిర్ధారణ కోసం మరొకసారి చెప్పమన్నాను. రెండోసారి “కమ్మగాను కాగె నప్ప” అంది. మొదట వేరుగా చెప్పావు కదా అత్తా అంటే, “నేనెప్పుడూ ఇలాగే చెబుతాను” అని, రొట్టెలోకి అల్లప్పచ్చడి చేశావా, చెరకు పానకం పోశావా అని అడిగింది. పానకం దొరకలేదంటే నొచ్చుకుంది.

అరండల్‌పేట, గుంటూరు:

మొదటిసారి తడుముకోకుండా వచ్చిన పాఠాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

బ్రాడీపేట, గుంటూరు:

రెండోసారి ఆలోచించి చెప్పినదే లెక్క. అయినా మేనత్తగారిని ఇప్పుడే మళ్లీ అడగవద్దు. ఒక వారం ఆగండి. ఈసారి పాట అడగకండి. ఫోనులో మీరు మొదటి మూడు పాదాలు మాత్రం చెప్పి ఊరుకోండి, నాలుగోది ఆమె అందుకునేటప్పుడు ఏ అక్షరంతో అందుకుంటుందో వినండి. తర్వాత ఇక్కడ రాయండి. చెరకు పానకం పటమట రైతు బజారులో లేకపోతే బెల్లం పాకం పట్టి పోసుకోవచ్చు.