ఇంజినీరింగ్ నుంచి ఫైనాన్స్‌కు మారాలంటే ఎంబీఏ చేయాల్సిందేనా?

విశాఖ మెకానికల్
నా వయసు 27. నాలుగేళ్లుగా పంపులు తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తున్నాను. రాత్రి భోజనమయ్యాక కంపెనీల వార్షిక నివేదికలు చదవడం రెండేళ్లుగా అలవాటైంది. మనసు అటే లాగుతోంది. క్యాట్ రాసి ఐఐఎంలో చేరాలంటే పాతిక లక్షల అప్పు తప్పదు. చేతిలో ఉన్న ఉద్యోగం వదులుకోవద్దని నాన్నగారు అంటున్నారు. ఈ దారిలో వెళ్లినవారు చెప్పండి, ఎంబీఏ నిజంగా అవసరమా?

గోదావరి లెక్కలు
అవసరం లేదు. నేను హైదరాబాద్‌లో ఆరేళ్లు ప్రోగ్రాములు రాశాను. ఉద్యోగం మానకుండానే సీఎఫ్ఏ అనే ఫైనాన్స్ వృత్తి పరీక్ష మూడు స్థాయిలూ పూర్తిచేశాను. మా సంస్థలోనే బ్యాంకుల రిస్కు లెక్కలు చూసే విభాగం ఉంటే, అడిగి అందులోకి మారాను. ఒక్క నెల జీతం ఆగలేదు. ఇప్పుడు మీరు రాత్రిళ్లు చదువుతున్నవే ఎంబీఏలోనూ చదివిస్తారు. దానికి పాతిక లక్షలు ఎందుకండీ?

జోకా పూర్వ విద్యార్థి
గోదావరి గారూ, మీ సంస్థలో ఆ విభాగం ఉంది కాబట్టి మారగలిగారు. పంపుల కర్మాగారంలో అలాంటిది ఎక్కడుంటుంది? సీఎఫ్ఏ పరీక్షలు నెగ్గినంత మాత్రాన పట్టా చేతికి రాదు. సంబంధిత పనిలో కనీసం 36 నెలల వ్యవధిలో 4,000 గంటల అనుభవం చూపాలి. ఆ మొదటి ఉద్యోగం ఇచ్చేదెవరు? సివిల్ చదివిన నేను జోకాలోని కలకత్తా ఐఐఎంకు వెళ్లింది పాఠాల కోసం కాదు, ఆ ఉద్యోగం ఇచ్చేవాళ్లు అక్కడికి వస్తారు కాబట్టి.

అయితే తమ్ముడూ, ఒక సంగతి చేరకముందే తెలుసుకో. జూన్‌లో చేరితే దసరా, దీపావళి రోజులకే వేసవి ఇంటర్న్‌షిప్‌ల ఎంపిక మొదలవుతుంది. పెద్ద ఫైనాన్స్ ఉద్యోగాలు చాలావరకు ఆ ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లకే దక్కుతాయి. రెండేళ్ల కోర్సు అంటారు గానీ, రంగం మారేవాడికి అసలు గడువు నాలుగైదు నెలలే. మొదటి ఇంటర్వ్యూలో నన్ను, ‘తరుగుదల పది రూపాయలు పెరిగితే కంపెనీ నగదు ఏమవుతుంది?’ అని అడిగారు. తగ్గుతుందన్నాను. తరుగుదల అంటే యంత్రాల అరుగుదల కింద ఖాతాలో రాసే ఖర్చు; దానికి డబ్బు చేతి నుంచి పోదు, పైగా లాభం తగ్గి పన్ను తగ్గుతుంది, కాబట్టి నగదు పెరుగుతుంది. ఇప్పుడు నిద్రలో అడిగినా చెబుతాను. ఆ రోజు మాత్రం అయిదు నిమిషాల్లో బయటికి వచ్చేశాను.

పాత బ్యాంకరు
బాబూ, ఫైనాన్స్ అంటే నీ దృష్టిలో ఏది? ముంబైలో కంపెనీల విలీనాలు చూడటమా, షేర్ల పరిశోధనా, అప్పులివ్వడమా? ముందు అది తేల్చుకో.

నేను శాఖలో ఉన్నప్పుడు ఒక మెకానికల్ కుర్రవాడు పీఓగా, అంటే ప్రొబేషనరీ ఆఫీసరుగా వచ్చాడు. ఆ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు, ఎంబీఏ అక్కర్లేదు. ఒక రైస్ మిల్లు యజమాని క్యాష్ క్రెడిట్, అంటే సరుకు నిల్వ చూసి ఇచ్చే అప్పు, పరిమితి పెంచమని వచ్చాడు. సరుకు నిల్వ చూపే స్టాక్ స్టేట్‌మెంటు, ఆడిటర్ సంతకం అన్నీ సక్రమంగా ఉన్నాయి. మేమంతా సరే అన్నాం. ఈ అబ్బాయి మాత్రం పన్నెండు నెలల కరెంటు బిల్లులు తెప్పించి వరుసగా పేర్చాడు. ‘అయ్యా, ఇంత ధాన్యం ఆడించి ఉంటే మోటార్లు ఇంత తక్కువ కరెంటు తాగవు’ అన్నాడు. మిల్లుకు వెళ్లి చూస్తే వెనక వరుసల్లో ఉన్నవన్నీ ఊక బస్తాలు. ముప్ఫై ఏళ్ల అనుభవంతో నేను చూడలేనిది అతను చూశాడు. ఆ చూపు ఏ ఎంబీఏలోనూ రాదు, కర్మాగారంలో వచ్చింది. నీకు అది ఇప్పటికే ఉంది.

జోకా పూర్వ విద్యార్థి
అయ్యా, ఆ సంఘటన చదివి సంతోషం కలిగింది. కానీ పీఓగా చేరితే ఏ ఊరు, ఏ కౌంటరు అన్నది మన చేతిలో ఉండదు. అప్పుల విభాగం ఎప్పుడు దక్కుతుందో చెప్పలేం. ఆర్బీఐ మాజీ గవర్నర్ రఘురామ్ రాజన్ కూడా ఐఐటీలో ఎలక్ట్రికల్ చదివి, 1987లో అహ్మదాబాద్ ఐఐఎం నుంచి వచ్చినవారే.

గోదావరి లెక్కలు
ఆయన తర్వాత ఎంఐటీలో డాక్టరేట్ చేశారు. ఆయనను చూపించి ఒక మధ్యతరగతి అబ్బాయిని అప్పులోకి దించకండి, దయచేసి.

వాయిదాలు కడుతున్న అక్క
నేను ఎలక్ట్రానిక్స్ నుంచి ఎంబీఏ ఫైనాన్స్ చేశాను. ఫైనాన్స్ ఉద్యోగం రాలేదు, వచ్చింది అమ్మకాల్లో. అప్పు ఉంది కాబట్టి కాదనలేకపోయాను. 25 లక్షలు, పది శాతం వడ్డీ, పదేళ్లు అంటే నెలకు దాదాపు 33 వేలు. చదువుకునే కాలపు వడ్డీ దానికి అదనం. వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఎనిమిదేళ్లే, అదీ పాత పన్ను విధానంలోనే. తమ్ముడూ, చేరవద్దని అనను. నీకు సీటిచ్చే కాలేజీకి ఏ ఫైనాన్స్ సంస్థలు వచ్చాయో, ఎంతమందిని తీసుకున్నాయో అక్కడి సీనియర్లను అడుగు. సగటు జీతం అంకె చూసి మాత్రం సంతకం పెట్టకు. నేను పెట్టాను. ఏడాది కోర్సు అయితే జీతం నష్టం సగమే, కానీ వేసవి ఇంటర్న్‌షిప్ ఉండదు. రంగం మారేవాళ్లకు అది చిన్న లోటు కాదు.

విశాఖ మెకానికల్
అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీ మాటలు నాన్నగారికి చదివి వినిపించాను. నవంబరులో క్యాట్ రాస్తాను, పైవరుస కాలేజీల్లో సీటు వస్తేనే అప్పు. లేకపోతే ఉద్యోగంలోనే ఉండి సీఎఫ్ఏ మొదటి స్థాయి.

బ్యాంకరు గారూ, మీ మిల్లు కథ చదివాక నిన్న రాత్రి ఒక పంపుల కంపెనీ నివేదిక మళ్లీ తీశాను. వ్యవసాయ పంపులు వేసవిలో అమ్ముడవుతాయి కాబట్టి మార్చి 31 నాటికి గోదాములో సరుకు ఎక్కువే ఉంటుంది. కానీ మూడేళ్లుగా అమ్మకాల కంటే నిల్వ వేగంగా పెరుగుతోంది. అందులో తయారైన పంపులు కొద్దిగానే పెరిగాయి, సగంలో ఆగిన సరుకే ఎక్కువ. అసెంబ్లీ లైనులో ఏదో విడిభాగం అందడం లేదని నా అనుమానం. మీరైతే దీనికి పరిమితి పెంచేవారా?