నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం: హాస్టలా, ఇల్లా? ఏపీ స్కూటీ తెచ్చుకోవచ్చా?

సిక్కోలు అమ్మాయి:
వచ్చే నెల మొదటి వారంలో నానక్‌రామ్‌గూడ ఆఫీసులో చేరాలి. మాది ఆమదాలవలస. ఇప్పటికి ఒక్కదాన్నే, నాలుగైదు నెలలు పోయాక అమ్మ కూడా వస్తుంది. చేతికి 38 వేలు. అమీర్‌పేటలో మనవాళ్లున్నారు, అక్కడే హాస్టల్ చూసుకోమంటున్నారు ఇంట్లో. హాస్టల్ మేలా, నేరుగా ఇల్లు తీసేసుకోవాలా? ఏపీ నంబరు స్కూటీ ఉంది, రైల్లో తెచ్చుకోవచ్చా? గ్యాస్ సంగతేంటి?

మణికొండ వాసి:
అమీర్‌పేట వద్దండి. మెట్రో రాయదుర్గం దాకానే. అక్కణ్నుంచి బస్సో షేర్ ఆటోనో పట్టుకోవాలి. మెట్రోలో మిగిల్చుకున్న టైమంతా బయోడైవర్సిటీ, గచ్చిబౌలి కూడళ్లలో పోతుంది. వాన పడిన సాయంత్రమైతే ఇక చెప్పక్కర్లేదు. మీకు పనికొచ్చేవి గౌలిదొడ్డి, గోపన్‌పల్లి, గచ్చిబౌలి, ఖాజాగూడ, మణికొండ. అమ్మ వచ్చాక ఇల్లంటే నల్లగండ్ల వైపు కూడా చూడొచ్చు, అటు నుంచి వస్తే హైటెక్ సిటీ రద్దీ తగలదు.

మొదట హాస్టలే. చేరేముందు అడగాల్సింది మెనూ గురించి కాదు. ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్సులో 'మెయింటెనెన్స్' పేరుతో ఎంత కోస్తారు, ఈ రెండూ తేల్చుకోండి. కొన్నిచోట్ల 15 రోజులు, కొన్నిచోట్ల 30. నెల మధ్యలో చెబితే లెక్కలోకి రాదనేవాళ్లూ ఉంటారు కాబట్టి ఒకటో తారీఖునే వాట్సాప్‌లో రాసి పెట్టండి. గది చూడ్డానికి పగలు వెళ్లకండి. రాత్రి ఎనిమిది దాటాక వెళితే బాత్రూముల దగ్గర వరస, వైఫై, నీళ్ల అసలు సంగతి బయటపడతాయి.

నెట్లో ఫొటోలు చూసి మాత్రం పైసా పంపొద్దు. 'ఆర్మీలో పనిచేస్తాను, బదిలీ అయింది, గేటు పాసుకు డబ్బు కట్టండి, తర్వాత తిరిగొస్తుంది' అన్నారంటే ఫోన్ పెట్టేయండి.

టులెట్ బోర్డు:
ఇల్లు చూడవోతే ముందుగాల మీటర్ బోర్డు కాడికి పోండి. మీ పోర్షన్‌కు సొంత మీటరున్నదా, ఓనర్ మీటరుకే సబ్ మీటర్ తగిలించిండా చూడాలె. నెలకు 200 యూనిట్లు దాటినయంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతది. 2022 టారిఫ్ లెక్కన 200 యూనిట్లకు 820 రూపాయలు: మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. అదే 210 కాలితే మొదటి 200కు 5.10 చొప్పున 1,020, పై పదికి 7.70 చొప్పున 77, మొత్తం 1,097. ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరే. పది యూనిట్లకు 277 తేడా! మూడు పోర్షన్లు ఒక్క మీటర్ మీదుంటే మీరు 90 కాల్చినా పై స్లాబు రేటే మీ మీద పడుతది. బిల్లు మీద యూఎస్‌సీ నంబరు (కరెంటు కనెక్షన్ నంబరు) ఉంటది, దాంతోని పాత బాకీ ఉన్నదేమో చూసుకోండి. బాకీ ఉండేది సర్వీసు మీద, ఖాళీ చేసి పోయినాయన మీద కాదు.

నీళ్లు మంజీరావా (సర్కారు నల్లా నీళ్లు), ఉత్త బోరేనా అడగండి. ఓనర్ ఏం చెప్పినా నల్లా మూతి, గోడకున్న టైల్స్ చూస్తే తెలుస్తది. తెల్లటి పొర గట్టిగ పేరుకున్నదంటే ఉప్పు నీళ్లు. గీజర్ కాయిల్ జల్ది పోతది, పప్పు ఉడకదు, వంటకు కూడా బబుల్ (మంచినీళ్ల డబ్బా) తెప్పించుకోవాల్సి వస్తది. ఏప్రిల్, మే నెలల్ల ట్యాంకర్ పైసలు మెయింటెనెన్స్‌ల కలిసినయా, ఫ్లాట్ల వాళ్లు పంచుకుంటరా, అదీ అడుగాలె.

అడ్వాన్సు రెండు నెలలు మామూలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని నెల అద్దె పట్టుకునే ఓనర్లు బాగ ఉన్నరు, ఎంత పడతరో అగ్రిమెంటుల రాయించుకోండి. అగ్రిమెంటు మామూలుగ 11 నెలలకే రాస్తరు. పాత పన్ను విధానంల హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె అలవెన్సు) చూపించుకుంటూ ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ కావాలె. అడ్వాన్సు చేతుల పెట్టకముందే అడుగుండ్రి.

పార్సిల్ ఆఫీసు:
స్కూటీని విశాఖలో ఎక్కించండమ్మా, ఆమదాలవలసలో రైలు ఆగేది కాసేపే. లగేజీ కింద బుక్ చేస్తే అదే రైలుకు మీ టికెట్ ఉండాలి. పార్సిల్ అయితే టికెట్ అక్కర్లేదు గానీ, చోటున్న రైల్లో వేస్తారు, ఎప్పుడొస్తుందో చెప్పలేం. పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ట్యాంకులో కొంచెం మిగిలినా తీసుకోరు. ఆర్సీ, ఆధార్ జిరాక్సులు ఉంచుకోండి. అద్దాలు విప్పేసి డిక్కీలో పెట్టి, హెడ్‌లైటుకు మందంగా గుడ్డ చుట్టాకే గోనెపట్టా కుట్టించండి. దించాక వెంటనే తెచ్చుకోకపోతే గంటల లెక్కన వార్ఫేజ్ (స్టేషన్లో ఉంచినందుకు ఛార్జీ) పడుతుంది.

ఏపీ నంబరుతో 12 నెలల వరకు తిప్పొచ్చు. ఆపైన ఉంచుకోవాలంటే శ్రీకాకుళం ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం, ఫారం 28) తెచ్చి, ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చలాన్లు బాకీ ఉంటే ఎన్‌ఓసీ ఆగిపోతుంది, అవి ముందే కట్టేయండి. పాత స్కూటీ అయితే ఈ ఖర్చంతా కలిపి చూసుకుని అక్కడే అమ్మేయడం నయం.

గ్యాస్‌కు తొందరేం లేదు. నిండు సిలిండరైనా ఖాళీదైనా రైల్లో తేకూడదు. గది తీసుకున్న మొదట్లో 5 కిలోల ఛోటూ చాలు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, అడ్రస్ ప్రూఫ్ అడగరు. ఊళ్లో ఇల్లు పూర్తిగా ఖాళీ చేసే రోజున సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీలో అప్పగించి టెర్మినేషన్ వోచర్ తీసుకోండి. డిపాజిట్ వెనక్కిస్తారు, ఆ వోచర్‌తో ఇక్కడ కనెక్షన్ ఇస్తారు. కాకపోతే ఇక్కడ మళ్లీ డిపాజిట్ కట్టాలి.

సిక్కోలు అమ్మాయి:
అందరికీ థాంక్సండి. అయితే స్కూటీ తేను, బస్సుల్లోనే వెళ్తాను. ఆడవాళ్లకు ఫ్రీయే కదా?

మణికొండ వాసి:
మీకు ఇప్పుడే కాదండి. మహాలక్ష్మి జీరో టికెట్ ఇవ్వాలంటే కార్డు మీద తెలంగాణ అడ్రస్ ఉండాలి. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే వర్తిస్తుంది, ఏసీ బస్సులకు లేదు. ఆధార్ ఇక్కడికి మార్చుకుంటే ఊరెళ్లినప్పుడు ఏపీలో స్త్రీశక్తి ఉచిత టికెట్ పోతుంది, అదీ చూసుకోండి. హాస్టల్ అడ్రస్‌కు మాత్రం మార్చొద్దు. అమ్మ వచ్చి ఇల్లు తీసుకున్నాక ఒకేసారి మార్చుకోండి.