గామా తట్టుకున్న మట్టి బాక్టీరియా: 97.9 శాతం పోలిక వస్తే కొత్త జాతి అనొచ్చా?

ప్రశ్న – మట్టివాసన:
అనంతపురం ఎర్రమట్టిని ఆరబెట్టి, జల్లెడ పట్టి, కోబాల్ట్-60 గామా ఛాంబర్‌లో 5 కిలోగ్రే (రేడియేషన్ డోసు కొలత) ఇచ్చాం. పదో వంతు బలమున్న టీజీవై అగార్ (బాక్టీరియా పెంచే పోషక జెల్లీ) మీద, 30 డిగ్రీల్లో, ముందు తెల్ల కాలనీలు, వారం దాటాక గులాబీవి వచ్చాయి. ఒక గులాబీ ఐసొలేట్‌కి (విడదీసిన బాక్టీరియాకి) 16ఎస్‌లో, అంటే బాక్టీరియాని గుర్తుపట్టడానికి చదివే జన్యువులో, దగ్గరి డైనోకాకస్‌తో (రేడియేషన్ తట్టుకోవడానికి పేరుపడ్డ బాక్టీరియా) 97.9 శాతం పోలిక ఉంది. కొత్త జాతి అని రాయొచ్చా? ఇంకోదానికి కాలనీ పీసీఆర్‌లో (కాలనీ నుంచి నేరుగా డీఎన్ఏని పెంచే పద్ధతి) బ్యాండే రావట్లేదు, అంటే డీఎన్ఏ పెరగట్లేదు. తెల్లవి పారేద్దామనుకుంటున్నాం.

జవాబు – కోబాల్ట్60:
జాతి సంగతి తర్వాత చూద్దాం. అది రేడియేషన్ తట్టుకుంటుందని ఇంకా తేలలేదండి. పొడి మట్టిలో నీళ్లు ఉండవు కాబట్టి గామాకి హైడ్రాక్సిల్ రాడికల్స్ (నీటి నుంచి పుట్టి కణాన్ని దెబ్బతీసే ముక్కలు) తక్కువ పుడతాయి, మామూలు బాక్టీరియా కూడా కొంత గట్టెక్కుతుంది. మూడుసార్లు స్ట్రీక్ చేసి (ప్లేటు మీద గీతలుగా పరిచి, విడి కాలనీ తీసి) శుద్ధి చేసిన కల్చర్‌ని ఫాస్ఫేట్ బఫర్‌లో కడిగి, మిల్లీలీటరుకు 10 కోట్ల కణాలు ఉండేలా కలిపి, ఐసు మీద 0, 2, 4, 6, 8, 10 కిలోగ్రే ఇవ్వండి. పక్కన ఈ.కోలై, డైనోకాకస్ రేడియోడ్యూరాన్స్ రెండూ ఉండాలి. ఈ.కోలై 2 కిలోగ్రేకే దాదాపు తుడిచిపెట్టుకుపోవాలి, రేడియోడ్యూరాన్స్ 5 దగ్గర కూడా పెద్దగా తగ్గకూడదు. అలా రాలేదంటే మీ డోసు లెక్కే తప్పు. కోబాల్ట్ బలం నెలకు సుమారు 1 శాతం పడిపోతుంది, చాలామంది ఛాంబర్ మీద అంటించిన పాత డోసు రేటునే వాడేస్తుంటారు. 0 డోసు ట్యూబుని కూడా అంతసేపూ బయట ఐసులోనే ఉంచండి.

జవాబు – జెల్‌బ్యాండ్:
బ్యాండ్ రాకపోవడానికి కారణం ఇదై ఉండొచ్చు: డైనోకాకస్ కణం గోడ మందం, ఊరికే ఉడకబెడితే పగలదు. లైసోజైమ్‌లో (గోడని కరిగించే ఎంజైమ్) 37 డిగ్రీల దగ్గర గంట ఉంచి, 0.1 మిల్లీమీటర్ పూసలతో బీడ్ బీటింగ్ చేసి (పూసలతో గట్టిగా కుదిపి), డీఎన్ఏని పదింతలు పలచన చేసి పీసీఆర్ పెట్టండి.

97.9 అనేది ఎంత పొడవు మీద వచ్చింది? ఒక్క రీడ్‌తో వచ్చే 700 బేసులు చాలవు. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో రెండు వైపులా చదివించి, టైప్ స్ట్రెయిన్లతోనే (ప్రతి జాతికీ ప్రమాణంగా దాచిన నమూనాలు) పోల్చండి. అప్పుడూ 98.7కి లోపే ఉంటే కొత్తదయ్యే అవకాశం గట్టిదే. అయినా జీనోమ్ తీయక తప్పదు: రెండు జీనోమ్‌ల పోలికని శాతంలో చెప్పే కొలతలు రెండున్నాయి, వాటిలో ఏఎన్ఐ 95–96కి లోపు, డిజిటల్ డీడీహెచ్ 70కి లోపు రావాలి. పేరు పెట్టాలంటే రెండు వేర్వేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో స్ట్రెయిన్ జమ చేయాలి. ఆ సర్టిఫికెట్లకే నెలలు పట్టొచ్చు, ముందే పంపండి.

జవాబు – ఎడారిగాలి:
తెల్లవి పారేయకండి! సహారా ఇసుకకి 15 కిలోగ్రే ఇచ్చాక దొరికిన డైనోకాకస్ డెజర్టి కాలనీలు తెల్లటివే, పైగా గ్రామ్ నెగటివ్ (గ్రామ్ పరీక్షలో ఊదా రంగు నిలవని) కడ్డీ ఆకారపువి. కానీ మీ తెల్లవాటిలో బాసిల్లస్ స్పోర్ల (వేడినీ రేడియేషన్‌నీ తట్టుకునే నిద్రాణ కణాలు) నుంచి వచ్చినవే ఎక్కువ ఉండొచ్చు. ఒక్కో తెల్ల కాలనీని నీళ్లలో కలిపిన సస్పెన్షన్‌ని 80 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచండి, బతికినవి స్పోర్లవి. చచ్చినవే మనకి కావాల్సినవి, వాటిని మాస్టర్ ప్లేటు (వేడి చేయకుండా దాచిన అసలు కాలనీల ప్లేటు) నుంచి తీసుకోండి. గులాబీ రంగునీ నమ్మొద్దు, మిథైలోబాక్టీరియం, హైమెనోబాక్టర్, కొకూరియా కూడా అలాగే కనిపిస్తాయి. ప్లేట్లు ఎండిపోకుండా పారాఫిల్మ్ చుట్టి మూడు వారాలు ఉంచండి.