45,000 ఏళ్ల తొడ ఎముక: ‘పూర్వీకుడు’ అనవచ్చా?

పాతపలక:
పిల్లల పత్రికకు వ్యాసం రాస్తున్నాను. పశ్చిమ సైబీరియాలో ఇర్తిష్ నది ఒడ్డున 2008లో ఒక తొడ ఎముక బయటపడింది. దంతపు బొమ్మలు చెక్కే ఒకాయన కంటపడింది. వయసు దాదాపు 45,000 ఏళ్లు. 2014లో దాని జన్యుపటాన్ని, అంటే మొత్తం డీఎన్ఏ చదివిన వివరాన్ని, ప్రచురించారు. ఉస్త్-ఇషిమ్ మనిషి అంటారు. నా వ్యాసం “మన పూర్వీకుడు ఉస్త్-ఇషిమ్ మనిషి” అని మొదలవుతుంది. చదివిన మిత్రుడు మొదటి మాటే తప్పన్నాడు. తప్పేనా?

మొండిఘటం:
తప్పే. ఆయన సంతతి నేటి దాకా సాగిందనడానికి ఆధారం లేదు. రొమేనియాలో ఒయాసే గుహలో దొరికిన దవడ సంగతీ అంతే. దాని వయసు సుమారు 40,000 ఏళ్లు. ఆ మనిషికి నాలుగు నుంచి ఆరు తరాల వెనక ఒక నియాండర్తల్ (మనకు దగ్గరిదే అయినా అంతరించిపోయిన మరో మానవజాతి) ఉన్నాడని డీఎన్ఏ చెప్పింది. ఇంత వివరం తెలిసింది గానీ, ఆ జనం నేటి యూరప్‌వాసులకు మిగిల్చింది మాత్రం కనబడలేదు. ఎముక దొరకడం వేరు, వంశం నిలవడం వేరు.

ఎముకలమూట:
పాతపలక గారూ, భయపడకండి. పిల్లల వ్యాసంలో ఆ మాటకు ఎవరూ ఉరి వేయరు.

మొండిఘటం గారూ, సంతతి లేకపోతే మాత్రం ఏమైంది? ప్రతి తరంలోనూ తల్లి వైపు క్రోమోజోమూ తండ్రి వైపు క్రోమోజోమూ ముక్కలు మార్చుకుంటాయి. అందుకే నియాండర్తల్‌ల నుంచి మనకు వచ్చిన డీఎన్ఏ ముక్కలు తరతరానికీ పొట్టివవుతూ వచ్చాయి. ఉస్త్-ఇషిమ్ మనిషిలో అవి ఇంకా పొడవుగా ఉన్నాయి. ఆ పొడవును బట్టి లెక్క వేస్తే, మన జాతి నియాండర్తల్‌లతో కలిసింది 50,000 నుంచి 60,000 ఏళ్ల క్రితమని తేలింది. ఆ ఒక్క ఎముక లేకపోతే ఈ లెక్క ఇంత బిగువుగా వచ్చేది కాదు. ఇంకేం కావాలి?

మొండిఘటం:
సాక్షి అనండి, ఒప్పుకుంటాను. సాక్షిని చుట్టం చేయకండి.

తోకచుక్క:
ఎముకల్లో డీఎన్ఏ అంటేనే నాకు అనుమానం. 8 కోట్ల ఏళ్ల నాటి ఎముకలో డీఎన్ఏ దొరికిందని 1994లో ప్రకటించారు. చివరికి అది మనిషి డీఎన్ఏ అని తేలింది.

ఎముకలమూట:
ఆ దెబ్బ తిన్నాకే జాగ్రత్తలు పుట్టుకొచ్చాయి. చచ్చిన కణంలో డీఎన్ఏ చిన్నచిన్న తునకలవుతుంది. తునకల కొసల్లో సైటోసిన్ అనే డీఎన్ఏ అక్షరం పాడవుతుంది, యంత్రం దాన్ని థైమిన్ అనే మరో అక్షరంగా చదువుతుంది. నిన్న తుమ్మిన పరిశోధకుడి డీఎన్ఏలో ఆ శిథిలం ఉండదు. శిథిలమే ఇక్కడ అసలుకు ముద్ర. లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముకను ఎందుకు వెతుకుతారంటే, అందులో డీఎన్ఏ మిగతా చోట్ల కంటే బాగా నిలుస్తుంది.

నిశాచరి:
ముద్రలూ గిద్రలూ నాకు తెలియవు. ఒక సంస్థకు ఉమ్మి పంపించాను, డబ్బు కట్టాను. నా మూలాలు ఫలానా చోట ఇంత శాతం అని చక్కటి రంగుల పటం పంపారు. ఏడాది తిరిగేసరికి “కొత్త ఫలితాలు” అని మరో పటం. మొదటి దానిలో ఉన్న ఒక ప్రాంతం పూర్తిగా మాయం. ఏడాదిలో నా ముత్తాత ఇల్లు మారాడా?

ఎముకలమూట:
వాళ్లు మిమ్మల్ని నేటి జనాల నమూనాలతో పోల్చారు. పోలిక పట్టిక పెరిగితే శాతాలు మారతాయి. ప్రాచీన డీఎన్ఏ సంగతి వేరు.

నిశాచరి:
పట్టిక వాళ్లది. డబ్బు నాది.

కిటికీపక్కసీటు:
మరి హర్యానాలో సింధు నాగరికత నాటి రాఖీగఢీ సంగతేమిటి? అసలు విషయం అక్కడే ఉంది కదా!

నిర్వాహకుడు:
అక్కడ 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒకే ఒక స్త్రీ జన్యుపటం చదవగలిగారు. వేడి నేలలో డీఎన్ఏ నిలవదని చెప్పడానికి ఆ ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. అంతకు మించిన గొడవకు వేరే చర్చ ఉంది. దానికి తాళం వేసి ఉంది.

మొండిఘటం:
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. పది తరాలు వెనక్కి వెళితే లెక్క ప్రకారం 1,024 మంది పూర్వీకులు. వారిలో చాలామంది డీఎన్ఏ ముక్క ఒక్కటి కూడా మనలో ఉండదు. నిజమైన పూర్వీకుల గుర్తే మనలో మిగలనప్పుడు, నిజమో కాదో తెలియని వాడిని ఏ ధైర్యంతో పూర్వీకుడంటాం? ఆధారం లేని చోట ఆ మాట వాడకూడదు. అంతే.

ఎముకలమూట:
మీకు మాట తప్ప విషయం పట్టదు. కెన్నెవిక్ మనిషిని తీసుకోండి. 1996లో అమెరికాలో కొలంబియా నది ఒడ్డున దొరికాడు. వయసు సుమారు 8,500 ఏళ్లు. పుర్రె ఆకారం చూసి స్థానిక జాతుల వాడు కాడన్నారు కొందరు. తమ పెద్దను తిరిగి పూడ్చుకుంటామని స్థానిక తెగలు అడిగాయి, పరిశోధకులు కోర్టుకు వెళ్లారు, 2004లో పరిశోధకులే గెలిచారు. 2015లో డీఎన్ఏ చదివితే ఆయన నేటి అమెరికా ఆదివాసులకే దగ్గర అని తేలింది. 2017లో తెగల చేతికి వచ్చాడు, మట్టిలో కలిశాడు. డీఎన్ఏ చేసిన న్యాయం ఇది.

మొండిఘటం:
న్యాయమా? ఆయన మా పెద్ద అని ఆ తెగలు మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాయి. ఆయనను ‘ప్రాచీనుడు’ అని పిలుచుకున్నారు. ఇరవై ఏళ్లు వాళ్ల మాట చెల్లలేదు. ప్రయోగశాల చెప్పగానే చెల్లింది. తాతను తాత అనడానికి రసీదు చూపించాలా?

తోకచుక్క:
ఒక్క నిమిషం. ఆధారం లేకుండా పూర్వీకుడు అనకూడదని పైన రాసింది మీరే. ఇప్పుడు రసీదు ఎందుకంటున్నదీ మీరే.

ఎముకలమూట:
అదే నేనూ అడగబోయాను. ఉదయం నుంచి మా బుర్ర తిన్నది ఇందుకా?

మొండిఘటం:
తిన్నాను, ఇంకా తింటాను. నేను పెంపుడు బిడ్డను. పెంచిన నాన్న ఉన్నన్ని రోజులు ఆయన తండ్రి నా తాత, ఆ తాత తండ్రి నా ముత్తాత. నాన్న పోయాక ఆయన అన్నదమ్ముల పిల్లలు వంశవృక్షం అచ్చు వేయించారు. అందులో నా పేరు లేదు. అడిగితే “రక్తం లెక్క కదా” అన్నారు. రక్తమే లెక్క అయితే ఆ లెక్క అందరికీ ఒకేలా కట్టండి అంటున్నాను. నన్ను తీసివేయడానికి అంత ఖచ్చితంగా ఉన్న మాట, సైబీరియా ఎముక దగ్గరికి వచ్చేసరికి అంత ఉదారంగా ఎలా మారుతుంది? నా కోపం ఉస్త్-ఇషిమ్ మనిషి మీద కాదు.

నిశాచరి:
ఇది ముందే చెప్పి ఉంటే నా పటం గొడవ ఎత్తేదాన్ని కాదు.

ఎముకలమూట:
మీకు అలా జరిగినందుకు బాధగా ఉంది. కానీ మీ వాదానికి తల వంచను. నాకు మా నానమ్మ పేరు కూడా తెలియదు. అడగడానికి మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. సైబీరియాలోని డెనిసోవా గుహలో ఒక ఎముక తునక దొరికింది. ఒక అమ్మాయిది, 90,000 ఏళ్ల నాటిది. తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్ (అంతరించిన ఇంకో మానవజాతి) అని 2018లో తేలింది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. సొంత నానమ్మ గురించి తెలియని నాకు, ఆ పిల్ల అమ్మానాన్నలు ఎవరో తెలిసింది. మిమ్మల్ని రక్తం పేరు చెప్పి బయటికి తోశారు, నన్ను ఎవరూ తోయలేదు, తోయడానికి కూడా ఎవరూ లేరు. అందుకే ఆ ఎముకలను నా వాళ్లనుకుంటాను. మీరు వద్దంటే మానను.

మొండిఘటం:
నేను మిమ్మల్ని మానమనలేదు. ఆ తునక పిల్ల కూడా మీకు పూర్వీకురాలని ఆధారం లేదు అని మాత్రం అంటాను.

ఎముకలమూట:
తెలుసు. అయినా సరే.

కిటికీపక్కసీటు:
తాళం ఎప్పుడు తీస్తారు?

పాతపలక:
రేపు వ్యాసం పంపాలి. ‘పూర్వీకుడు’ కొట్టేసి ‘బంధువు’ అని రాశాను.

మొండిఘటం:
‘దూరపు బంధువు’ అని రాయండి.

ఎముకలమూట:
‘దూరపు’ ఎందుకు? పిల్లలు చదివేది.