నల్ల ఆంబోతు, నల్ల ఆవు, ఎర్ర దూడ

కొత్తకాపరి (బ్రెన్‌హామ్, టెక్సాస్):
నమస్కారం. పశువులను పెంచితే పొలం పన్ను తగ్గుతుందని పదకొండు ఆవులతో మొదలుపెట్టాను. ఇప్పుడు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని చూలి ఆవుల చుట్టూ తిరుగుతున్నాను. ఆంబోతు నల్ల ఆంగస్ జాతిది. ఆవులన్నీ నల్లవే, అయిదింటికి మాత్రం ముఖం తెలుపు. వాటి తల్లులు హెర్‌ఫర్డ్ జాతి ఆవులు. ఈ మార్చిలో ఆ అయిదింటిలో ఒకటి ఇటుక రంగు కోడెదూడను ఈనింది. పక్క పొలంలో తెల్లటి షరోలే ఆంబోతు ఉంది. పోయిన జూన్‌లో కంచె రెండుసార్లు పడిపోయింది. మా ఆవిడ నవ్వు ఆపడం లేదు. పక్కాయనను అడగనా, ఆంబోతును అమ్మినాయనను నిలదీయనా?

పాతవైద్యుడు (నెబ్రాస్కా):
ఇద్దరినీ వదిలేయండి. షరోలే దూడకు రంగును పలుచన చేసే జన్యువు తండ్రి నుంచి వస్తుంది. మీ ఆవుకు దానితో పుడితే బూడిద రంగో మీగడ రంగో ఉండాలి, ముదురు ఇటుక రంగు కాదు. ఇక నలుపు బహిర్గతం, ఎరుపు అంతర్గతం. అంటే నలుపు జన్యువు ఒక్కటి ఉన్నా దూడ నల్లదే, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఎరుపు వస్తేనే ఎర్రది. హెర్‌ఫర్డ్ ఎర్రది కనుక దాని కూతురు ఎంత నల్లగా ఉన్నా లోపల ఎరుపు ఉన్నట్టే. మీ అయిదూ అంతే. దూడ ఎర్రగా పుట్టిందంటే ఆంబోతులోనూ ఎరుపు దాగి ఉంది. అలాంటి జతకు సగటున నాలుగు ఈతలకు ఒకటి ఎర్రది. నల్ల ఆంగస్‌లలో ఇది పాత సంగతే. అనుమానం తీరాలంటే ఆంబోతు తోక వెంట్రుకలు కుదుళ్లతో పీకి ల్యాబుకు పంపండి.

అద్దంకి అబ్బాయి:
మా ఒంగోలు దూడలు ఎర్రఛాయతో పుట్టి తర్వాత తెల్లబడతాయి. ఇదీ మారుతుందేమోనండీ?

పాతవైద్యుడు:
మారదు బాబూ. ఈ ఎరుపు ఉండిపోయేదే.

కొత్తకాపరి:
వేలంలో నల్లవాటికే ధర ఎక్కువట. ఆంబోతును మార్చేయాలా డాక్టరు గారూ?

పాతవైద్యుడు:
ధరలో తేడా నిజమే. 1978లో మొదలైన సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ అనే మాంసం బ్రాండు వాళ్లకు ఒంటి రంగు ప్రధానంగా నలుపై ఉండాలి. కానీ ఆ అయిదు ఆవుల నుంచి ఏడాదికి సుమారుగా ఒక్క ఎర్రదూడ. దానికోసం కాళ్లు గట్టిగా ఉండి, సాధువైన ఆంబోతును అమ్ముతారా? నేనైతే అమ్మను.

కొత్తకాపరి:
సాధువు అన్నారు చూడండి! వెంట్రుకలు పీకబోతే బకెట్టుతో సహా నన్ను గేటు దాటించింది. పక్కాయనకు మాత్రం ఈ ఉదయం డజను గుడ్లు ఇచ్చి వచ్చాను. ఎందుకో చెప్పలేదు.