కాపాడే డబ్బు ఒక్కదానికే ఉంటే: వొలెమై పైన్‌కా, మెకాంగ్ స్టింగ్‌రేకా?

వనమాలి:
నా ఓటు చెట్టుకే. ఆస్ట్రేలియాలో వొలెమై పైన్ అడవి చెట్లలో బాగా ఎదిగినవి వందలోపే. 1994లో డేవిడ్ నోబుల్ సిడ్నీకి అవతల ఓ లోయలోకి దిగి చూసేదాకా ఆ జాతి బతికుందనే ఎవరికీ తెలీదు. 2019-20 కార్చిచ్చు వచ్చినప్పుడు హెలికాప్టర్ల నుంచి మనుషుల్ని దింపి, మొదళ్లు తడిపి కాపాడుకున్నారు. ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నదిలో ఉండే స్టింగ్‌రే అనే పెద్ద చేప కూడా ప్రమాదంలోనే ఉంది, కాదనను. కానీ అది ఇంకా చాలా దూరం నదిలో తిరుగుతోంది కదా.

ఏటిగట్టు:
వనమాలి గారూ, ఆ తిరగడమే దాని కష్టం. చెట్టు చోటు రహస్యంగా ఉంచి కాపలా కాయొచ్చు. పైగా 2006 నుంచి దాని మొక్కలు నర్సరీల్లో అమ్ముతున్నారు. చేపకి కంచె ఎక్కడ వేస్తాం? 2022 జూన్‌లో కంబోడియాలో ఒక జాలరి గాలానికి 300 కిలోల ఆడ స్టింగ్‌రే పడింది. తోకతో కలిపి దాదాపు నాలుగు మీటర్లు. ఒడ్డుకి లాగడానికి డజను మంది పట్టారు. పరిశోధకులు అతనికి మార్కెట్ ధర, సుమారు 600 డాలర్లు చెల్లించి, దాని జాడ తెలిపే ట్యాగ్ పెట్టి నీళ్లలోకి వదిలారు. ఆ రోజు డబ్బుతో ఎవరూ రాకపోతే ఆ చేప ముక్కలై అమ్ముడుపోయేది.

వనమాలి:
కుండీలో మొక్క అడవికి బదులు కాదండీ. ఆ చెట్ల మధ్య జన్యు తేడాలు దాదాపు లేవు. ఎవరి బూటుకో అంటుకున్న మట్టితో వేరుకుళ్లు తెగులు వెళ్తే ఒక్క చెట్టూ తట్టుకోలేకపోవచ్చు.

గోదారమ్మాయి:
మీరిద్దరూ డ్యామ్‌ల మాటే ఎత్తలేదు. ధవళేశ్వరం దాటి పులస పైకి ఎక్కలేదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్నా. మెకాంగ్ ప్రధాన ధార మీద పదేళ్లు కొత్త డ్యామ్‌లు కట్టబోమని కంబోడియా 2020లో చెప్పింది. ఎగువన లావోస్‌లో మాత్రం కట్టేశారు. నది తెగితే జాలరికి ఎంత ఇచ్చినా ఆ చేప నిలవదు.

ఏటిగట్టు:
నిజమేనమ్మా, అది నేను రాయాల్సింది. వనమాలి గారి తెగులు మాటా ఒప్పుకుంటున్నా. మంటలొచ్చిన ఏడాది డబ్బంతా చెట్టుకే పోనివ్వండి. మామూలు ఏడాదిలో మాత్రం నా ఓటు జాలరికే. ఈ చేప ఈతకి కొద్ది పిల్లల్నే పెడుతుంది. అలాంటి తల్లి గాలానికి పడిన రోజున అతని చేతిలో పెట్టే డబ్బు సిద్ధంగా ఉండాలి.