పక్షులు కక్కిన నూనెతో పాతకాలపు సముద్రపు మంచును ఎలా లెక్కగడతారు?

ప్రశ్న (కావలి, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు):
అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రపు మంచును ఉపగ్రహాలు ఎడతెగకుండా గమనించడం 1978 చివరలో మొదలైంది. అంతకు 20,000, 30,000 ఏళ్ళ ముందరి సంగతిని కూడా గూళ్ళ దగ్గర పక్షులు కక్కిన నూనెను బట్టి చెబుతున్నారని చదివాను. నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప చెట్ల కింద తెల్లగా పేరుకున్న గూడబాతుల రెట్టను చూసి అక్కడ పక్షులు గూళ్ళు కడుతున్నాయని చెప్పగలం గానీ, అవి మేతకు వెళ్ళే పులికాట్ సరస్సులో నీరెంత ఉందో చెప్పలేం కదా? ఇక్కడ మాత్రం అది ఎలా సాధ్యం?

జవాబు (నెల్లూరు):
మాస్టారూ, సముద్రపు మంచు కరిగిపోయాక తన ఆనవాలు మిగల్చదు కాబట్టే దాన్ని నమ్ముకొని బతికే స్నో పెట్రెల్ అనే తెల్లని పక్షిని ఆశ్రయించారు. అది తీరానికి వందల కిలోమీటర్ల లోపల, మంచును చీల్చుకొని పైకి వచ్చిన కొండల రాతి సందుల్లో కూడా గుడ్లు పెడుతుంది. మేతకు మాత్రం మంచు తునకలు తేలే సముద్రానికే వెళ్ళి రావాలి. తిన్న క్రిల్ (రొయ్యల్లాంటి చిన్న సముద్రజీవులు), చేపల నుంచి కడుపులో చేరిన నూనెను పిల్లలకు పెడుతుంది, గూటి జోలికి వచ్చినవాటి మీద ఉమ్ముతుంది. ఆ చలికి, పొడిగాలికి అది కుళ్ళకుండా గూటి వాకిట్లో పొర మీద పొరగా గడ్డకడుతుంది. పైకి బూడిదరంగు రాయిలా ఉన్న ఆ గడ్డను పగలగొడితే లోపల పసుపుపచ్చని మైనంలా ఉంటుంది.

మీరన్న తేడా ఇక్కడే ఉంది: రెట్ట పక్షి ఉనికిని చెబితే, ఈ నూనె అది ఏం తిన్నదో చెబుతుంది. ఆహారపు గొలుసులో మెట్టు ఎక్కేకొద్దీ బరువైన నత్రజని (నత్రజనిలోనే కాస్త బరువెక్కువ ఉన్న రకం పరమాణువులు) పాలు పెరుగుతుంది. క్రిల్ రక్తంలో రాగి ఉంటుంది. వీటికి కొవ్వు ఆమ్లాలను జోడించి ఏ కాలంలో క్రిల్ ఎక్కువ తిన్నదో, ఏ కాలంలో చేపలు ఎక్కువ తిన్నదో విడదీస్తారు; దాన్నిబట్టి అది మేతకు ఎలాంటి నీటికి వెళ్ళిందో అంచనా వేస్తారు. అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రమైన మైత్రికి దక్షిణాన ఉన్న ఉంటర్‌సీ సరస్సు ప్రాంతంలో 30,000 ఏళ్ళు దాటిన పొరలు దొరికాయి. అంటార్కిటికాలోనే హైమెఫ్రంట్‌ఫ్యెలా అనే కొండల్లోని ఒక గడ్డను పరిశీలించి బ్రిటన్‌లోని డరమ్ విశ్వవిద్యాలయ బృందం 2022లో ప్రచురించిన ఫలితం నాకు ముఖ్యమనిపించింది: మంచుయుగపు చలిలో కూడా, వేసవిలో ఆ పక్షులకు అందేంత దూరంలో మంచు లేని నీరు ఉండేది.

జవాబు (ఒంగోలు):
పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. పొర ఉంటే నీరు అందుబాటులో ఉన్నట్టే. పొర లేకపోతే మాత్రం సముద్రమంతా గడ్డకట్టిందని అనుకోకూడదు, ఎందుకంటే గూటి సందే మంచుతో పూడిపోయి ఉండవచ్చు. వయసు లెక్కలోనూ మెలిక ఉంది: దక్షిణ సముద్రంలో లోతు నుంచి పాత కార్బన్ పైకి వస్తుంది కాబట్టి, నిన్న కక్కిన నూనె కూడా రేడియోకార్బన్ పరీక్షలో వెయ్యేళ్ళకు పైబడినట్టు కనబడుతుంది, ఆ మేరకు తగ్గించుకోవాలి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. అయితే సముద్రగర్భంలోని బురద పొరలనే చూడవచ్చు కదా?

జవాబు (నెల్లూరు):
చూస్తారండీ, అందులోని డయాటముల (కంటికి కనబడనంత చిన్న నాచుజాతి జీవుల) ఆధారంగానే ఎక్కువ పని జరిగింది. కానీ మంచుయుగంలో ఖండపు మంచు పలక ముందుకు జరిగి, తీరానికి దగ్గరి సముద్రగర్భాన్ని చాలాచోట్ల గీకివేసింది. అందుకే ఆ కాలపు తీరప్రాంత సమాచారానికి కొండల మీది ఈ గడ్డలు అంత విలువైనవయ్యాయి.